మన దగ్గర సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఎందుకు దొరకదు? ఒక బోర్ నంబర్ కథ

ఈ ఎపిసోడ్ బీజీఎంఐ ఆడేవాళ్లకి టక్కున ఎక్కుతుంది. ఆడనివాళ్లకి నేను ఎక్కిస్తా, టెన్షన్ పడకండి.

గేమ్‌లో కార్98 ఉంటది కదా. ఒక షాట్ కొట్టాక బోల్ట్ వెనక్కి లాగి, ముందుకి తోసి, అప్పుడు రెండో షాట్. అదే ఎస్‌కేఎస్ గానీ, మినీ14 గానీ అయితే ఆ గొడవ లేదు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పోతుంది, తర్వాతది అదే ఎక్కి కూర్చుంటుంది. దీన్నే సెమీ ఆటోమేటిక్ అంటారు. మినీ14 అమెరికాలో మామూలు జనం కొనుక్కునే స్పోర్టింగ్ రైఫిల్. మరి మన హైదరాబాద్‌లో ఎవరైనా అలాంటిది ఫారిన్ నుంచి తెప్పించుకుని ఇంట్లో పెట్టుకోవచ్చా? పెట్టుకోలేకపోతే ఎందుకు? నన్ను చాలామంది కుర్రాళ్లు అడిగిన ప్రశ్న ఇది. "లేదు బ్రో, ఇల్లీగల్" అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేయొచ్చు. కానీ దాని వెనక ఉన్న కథ నూట అరవై ఏళ్ల నాటిది. అందులో మన కోఠి ఉంది, గన్‌ఫౌండ్రీ ఉంది, నిజాం షికారు ఉంది, ఆఖరికి బుల్లెట్ బండి కూడా ఉంది.

ముందే ఒక మాట. నా దగ్గర తుపాకీ లేదు, లైసెన్సూ లేదు. బీటెక్ చేసి, కొన్నేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు ఉస్మాన్‌గంజ్‌లో ఒక గదిలో కెమెరా ముందు కూర్చుని చరిత్ర చెప్తున్నా. కింద హమాలీలు బస్తాలు దించుతుంటే ఆ సౌండ్ మీకు మధ్యమధ్యలో వినపడుతుంది, ఏమీ అనుకోవద్దు.

సరే, మొదలుపెడదాం.

ఇక్కణ్ణుంచి బండి మీద కాసేపు పోతే గన్‌ఫౌండ్రీ వస్తది. మనలో సగం మందికి అది ఒక బ్యాంక్ బ్రాంచి పేరు, ఇంకో సగానికి బస్టాపు పేరు. అసలు సంగతి పేరులోనే ఉంది, ఫిరంగులు పోతపోసిన కొలిమి. పాత జనం తోప్ కా సాంచా అంటారు. 1795లో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ కట్టించాడు. అంటే ఒకప్పుడు హైదరాబాద్ తన ఆయుధాలు తనే తయారు చేసుకుంది. ఇది ఇంగ్లీషు వాళ్లకి నచ్చలేదు. రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడు సెప్టెంబర్‌లో నిజాంతో సైన్య సహకార ఒప్పందం అయింది, అక్టోబర్ 22న ఆ ఫ్రెంచి దళాల చేత ఆయుధాలు కింద పెట్టించారు. ఒక్క బుల్లెట్ పేల్చకుండా! అక్కణ్ణుంచి మన ఊళ్లో ఏ తుపాకీ ఉండొచ్చో, ఏది ఉండకూడదో అన్న విషయంలో బయటివాళ్ల మాట మొదలైంది.

తర్వాత 1857. ఉత్తరాదిలో సిపాయిల తిరుగుబాటు మనకి స్కూల్లో చెప్పారు. కోఠిలో ఏం జరిగిందో అంతగా చెప్పరు. జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కలిసి కొన్ని వందల మంది రోహిల్లాలతో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. తర్వాత కోఠి ఉమెన్స్ కాలేజీ అయింది కదా, ఆ బిల్డింగే. దాడి నిలబడలేదు, అవతలివైపు ఫిరంగులు ఉన్నాయి. తుర్రేబాజ్ ఖాన్‌ని 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపేశారు, మౌల్వీ గారిని అండమాన్ పంపారు.

1857 తర్వాత ఇంగ్లీషు వాళ్లు చేసిన ఒక పని నాకు భలే ఇంట్రెస్టింగ్ అనిపిస్తుంది. అప్పటికి కొత్త తుపాకీ ఎన్‌ఫీల్డ్. దాని బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాళ్లు ఉంటాయి, వాటినే రైఫిలింగ్ అంటారు, రైఫిల్ అన్న పేరే దాన్నుంచి వచ్చింది. ఆ గాళ్ల వల్ల గుండు గిర్రున తిరుగుతూ సూటిగా దూరం పోతుంది. తిరుగుబాటు అయ్యాక ఇండియన్ సిపాయిలకి ఏమిచ్చారో తెలుసా? బయటికి చూస్తే అచ్చం అదే ఎన్‌ఫీల్డ్. లోపల మాత్రం బ్యారెల్ నున్నగా, వెడల్పుగా ఉంటుంది. గాళ్లు లేవు. అంటే గురి తప్పుతుంది. యూఐ అదే, లోపల ఫీచర్ తీసేసిన వెర్షన్ అన్నమాట. "వీడి చేతిలో తుపాకీ ఉండాలి, కానీ నా చేతిలో ఉన్నంత మంచిది ఉండకూడదు." ఈ ఒక్క ఆలోచనని పట్టుకోండి, ఇక్కణ్ణుంచి ఇవాళ్టి చట్టం దాకా అదే దారి చూపిస్తుంది.

1878లో లార్డ్ లిట్టన్ కాలంలో ఇండియన్ ఆర్మ్స్ యాక్ట్ వచ్చింది. లైసెన్సు లేకుండా తుపాకీ పెట్టుకోకూడదు, కానీ యూరోపియన్లకి మినహాయింపు. ఈ అవమానం మన నాయకులు మర్చిపోలేదు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో ప్రాథమిక హక్కుల లిస్టులో, నిబంధనలకి లోబడి ఆయుధం పెట్టుకునే హక్కు కూడా రాశారు. రాజ్యాంగంలోకి మాత్రం అది రాలేదు.

ఇప్పుడు షికారు దగ్గరికి పోదాం. ఇక్కడే ఫారిన్ రైఫిళ్లు ఎంట్రీ ఇస్తాయి.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి పులివేట అంటే ప్రాణం. పాఖాల, నెక్కొండ వైపు అడవుల్లో క్యాంపులు పడేవి. 1902లో వైస్రాయ్ కర్జన్ దంపతులు నెక్కొండ దగ్గర షికారుకి వచ్చి, చచ్చిన పులి పక్కన నిలబడి ఫోటో దిగారు. తీసింది మన లాలా దీన్‌దయాళ్. సెర్చ్ చేస్తే కనిపిస్తుంది, చూడండి. ఆ కాలంలో నవాబులు, జాగీర్దార్లు, పెద్ద ఆఫీసర్లు లండన్, బర్మింగ్‌హామ్ కంపెనీల రైఫిళ్లు తెప్పించుకునేవాళ్లు. హాలండ్ అండ్ హాలండ్, రిగ్బీ, వెస్ట్‌లీ రిచర్డ్స్. పక్కపక్కన రెండు బ్యారెళ్లు, రెండు ట్రిగ్గర్లు, అదే డబుల్ రైఫిల్.

రెండు ఎందుకు? నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాకు చూడగానే అర్థమైంది, రిడండెన్సీ. ఆ డబుల్ రైఫిల్ నిజానికి ఒకే చెక్కకి బిగించిన రెండు తుపాకులు. ఒక వైపు స్ప్రింగ్ విరిగినా, తూటా పేలకపోయినా, రెండో వైపు దానికి సంబంధం లేకుండా పనిచేస్తుంది. పులి పది గజాల్లో ఉన్నప్పుడు నీకు కావాల్సింది స్పీడ్ కాదు, గ్యారంటీ.

సెమీ ఆటోమేటిక్ స్పోర్టింగ్ రైఫిల్ అప్పటికే పుట్టింది. అమెరికాలో జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన రెమింగ్టన్ మోడల్ 8 1906లో మార్కెట్లోకి వచ్చింది. వించెస్టర్ వాళ్లవి 1905, 1907, 1910 మోడళ్లు. ఎలా పనిచేస్తాయంటే, తూటా పేలినప్పుడు వచ్చే వెనక తన్ను ఊరికే భుజానికి పోతుంది కదా, ఆ శక్తినే వాడుకుంటాయి. ఖాళీ అయిన ఇత్తడి కేసుని పట్టి లాగాలి, బయటికి విసరాలి, మ్యాగజైన్‌లో కొత్త తూటాని తోసుకుంటూ పోయి ఛాంబర్‌లో పెట్టాలి, తలుపు బిగించాలి. ఇదంతా కన్ను మూసి తెరిచే లోపు. ఒక్క స్టెప్ తప్పినా మొత్తం ఆగిపోతుంది. కేసుని లాగే కొక్కెం అరిగినా, మ్యాగజైన్ పెదవులు కాస్త వంగినా, ఛాంబర్‌లో దుమ్ము చేరినా జామ్. ముఖ్యంగా తూటాలో మందు కాస్త బలహీనమైనా జామే, ఎందుకంటే మెషీన్ నడిచేదే ఆ మందు శక్తి మీద. బోల్ట్ యాక్షన్‌కి ఈ బాధ లేదు. తూటా పాతదైనా, కొత్తదైనా లాగేది నీ చెయ్యి.

దీనికి తోడు మన వాతావరణం. అప్పటి ఇంగ్లీషు తూటాల్లో కార్డైట్ అనే మందు ఉండేది. వేడికి దాని పీడనం పెరుగుతుంది. అందుకే మన లాంటి దేశాలకి ట్రాపికల్ లోడ్ అని మందు తగ్గించిన తూటాలు వేరుగా వచ్చేవి. ఇంకోటి తుప్పు. ఆ కాలపు తూటా వెనక ఉండే క్యాప్‌లో క్లోరేట్ ఉండేది, పేలాక అది బ్యారెల్‌లో ఉప్పు వదిలేది. ఉప్పుకి తేమని లాక్కునే గుణం. వానాకాలంలో ఒక రాత్రి అలాగే వదిలేస్తే తెల్లారేసరికి బ్యారెల్ లోపల తుప్పు. నూనె రాస్తే ఉప్పు పోదు, నీళ్లకే కరుగుతుంది. అందుకని షికారు క్యాంపుల్లో సాయంత్రం కాగానే మరిగే నీళ్లు బ్యారెల్‌లో పోసి, ఆరబెట్టి, అప్పుడు నూనె పట్టించేవాళ్లు. తుపాకీ రిపేరులో సగం పని ఇదే. సెమీ ఆటోమేటిక్‌లో ఎన్ని సందులు, ఎన్ని స్ప్రింగులు! అన్నిట్లోకీ మరిగే నీళ్లు పోసి ఆరబెట్టడం ఎవరి వల్ల అవుతుంది? అందుకే మన అడవుల్లో ఆ రకం పెద్దగా పాతుకోలేదు.

వేగంగా పేల్చే ఫారిన్ రైఫిల్ మోజు అసలు లేదా అంటే ఉంది. కెన్నెత్ ఆండర్సన్ పేరు వినే ఉంటారు, నరమాంస భక్షక పులుల కథలు రాసిన ఆయన. బెంగళూరు ఆయన అనుకుంటారు, పుట్టింది మాత్రం మన బొల్లారంలో, 1910లో. చిత్తూరు జిల్లా చామల లోయ అడవుల్లో కూడా తిరిగాడు. ఆయన వాడింది అమెరికా వించెస్టర్ 1895 మోడల్, .405 బోర్. అది సెమీ ఆటో కాదు. కింద ఉన్న లీవర్‌ని చేత్తో తిప్పితే తర్వాతి తూటా ఎక్కుతుంది. సినిమాల్లో కౌబాయ్‌లు తిప్పుతారు చూడండి, ఆ జాతి. డిజైన్ చేసింది మళ్లీ బ్రౌనింగే.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వచ్చాం. బోర్ అంటే బ్యారెల్ రంధ్రం వెడల్పు. .450 అంటే దాదాపు అర అంగుళం. 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో, సూడాన్‌లో .450 బోర్ స్పోర్టింగ్ రైఫిళ్లని ఆపేసింది. ఎందుకు? సైన్యంలో వాడి వదిలేసిన మార్టినీ హెన్రీ తుపాకులు తిరుగుబాటుదారుల చేతుల్లో ఉన్నాయి, అవి కూడా .450 బోరే. షికారు పేరుతో వచ్చిన గుండ్లు వాటికి చేరతాయని భయం. మరి కంపెనీలు ఏం చేశాయి? మూసుకోలేదు. హాలండ్ వాళ్లు .465 తెచ్చారు, జోసెఫ్ లాంగ్ .470 తెచ్చాడు, వెస్ట్‌లీ రిచర్డ్స్ .476. ఏనుగుకి ఆ తేడా తెలుస్తుందా? తెలీదు. ఫైల్లో నంబర్ మారింది, అంతే. ఇవాళ్టికీ ఆఫ్రికాలో పెద్ద జంతువుల వేటకి .470 వాడతారు. అది పుట్టింది మన దేశంలో పెట్టిన ఒక రూల్‌ని తప్పించుకోవడానికి.

అదే లెక్క .303కి కూడా. త్రీ నాట్ త్రీ, మన పోలీసుల చేతిలో మొన్నమొన్నటిదాకా చూశాం కదా. అది సైన్యం తూటా కాబట్టి జనానికి ఇవ్వకూడదన్నారు. అప్పుడు బర్మింగ్‌హామ్‌లో బీఎస్‌ఏ వాళ్లు, అవును, గోల్డ్ స్టార్ బైకు బీఎస్‌ఏనే, అసలు పేరే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, అదే లీ ఎన్‌ఫీల్డ్ బాడీలో వేరే బ్యారెల్ వేసి .315 అని అమ్మారు. ఆ తూటా ఎక్కడిది? ఆస్ట్రియా సైన్యానిది. అంటే ఆస్ట్రియా సిపాయి యుద్ధంలో పేల్చిన తూటా, ఇండియాకి వచ్చేసరికి "స్పోర్టింగ్" అయింది. ఎన్‌ఫీల్డ్ అన్నాను కదా, బుల్లెట్ బండి మీద మేడ్ లైక్ ఎ గన్ అని రాసుకునేది కూడా ఆ తుపాకుల పుణ్యమే.

చూశారా, చట్టం అడిగేది "ఈ తుపాకీ ఎంత ప్రమాదం?" అని కాదు. "దీని తూటా మా గోదాములోంచి దొంగతనం కాగలదా?" అని.

స్వాతంత్ర్యం వచ్చాక ఇది మారాలి కదా? దానికంటే ముందు తెలంగాణలో జరిగింది కాస్త చూడాలి, లేకపోతే కొత్త సర్కారుకీ ఆ భయం ఎందుకో అర్థం కాదు. మన పల్లెల్లో షికారు తుపాకీ అంటే గడీలో ఉండే తుపాకీ. 1946 జూలై 4న కడివెండిలో ఊరేగింపుగా వస్తున్న జనం మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమురయ్య చనిపోయాడు. అవతలివైపు తుపాకులు, ఇవతలివైపు కర్రలు, వడిసెలలు, కారప్పొడి. తర్వాత జనం గడీల తుపాకులు లాక్కోవడం, భర్మార్లు పోగేయడం, సాయుధ పోరాటం, అది మీకు తెలిసిందే. ఇంకోవైపు నిజాం ప్రభుత్వం 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్‌తో కరాచీ నుంచి విమానాల్లో రహస్యంగా ఆయుధాలు తెప్పించింది. బీదర్‌లో, వరంగల్‌లో దిగేవి. సెప్టెంబర్ 13న ఇండియన్ ఆర్మీ వచ్చింది, 17కి అయిపోయింది. ఆ విమానాల మీద ఒక ఫుల్ ఎపిసోడ్ చేయొచ్చు, ఇక్కడ వద్దు.

అంతా చూశాక రాసిన చట్టం 1959 ఆర్మ్స్ యాక్ట్. 1962 అక్టోబర్ 1 నుంచి అమలు. తెల్లోడికో రూలు, మనకో రూలు అన్నది పోయింది, మంచిదే. కానీ కేటగిరీలు చదివితే పాత వాసన గుప్పుమంటుంది. .303, 7.62 సర్వీసు తూటా పేల్చగలిగే రైఫిల్ ఏదైనా, అది బోల్ట్ అయినా, సెమీ ఆటో అయినా, మామూలు మనిషికి లేదు. .410 మస్కెట్ కూడా ఆ లిస్టులోనే. అదేంటో తెలుసా? .303 రైఫిల్‌నే నున్నగా తొలిచి, ఒక్కో తూటా పేలేలా చేసి పోలీసులకి, జైలు వార్డర్లకి ఇచ్చిన తుపాకీ. 1857 తర్వాత సిపాయిలకి ఇచ్చిన నున్నటి ఎన్‌ఫీల్డ్‌కి మనవడు!

ఇక సెమీ ఆటోమేటిక్ తుపాకులకి వేరే గడి. పిస్టల్ అయితే పర్లేదు, .32 పిస్టల్ సెమీ ఆటోనే, దానికి లైసెన్సు ఇస్తారు. రైఫిల్ సెమీ ఆటో అయితే అది కలెక్టర్ చేతిలోనో, హైదరాబాద్ సిటీలో అయితే పోలీస్ కమిషనర్ చేతిలోనో ఉండదు. ఢిల్లీలో కేంద్ర హోంశాఖ చేతిలో ఉంటుంది. అంటే మామూలు మనిషికి తలుపు మూసినట్టే.

ఇప్పుడు తమాషా చూడండి. థర్టీ ఆట్ సిక్స్, .30-06, అమెరికా సైన్యం రెండు ప్రపంచ యుద్ధాల్లో వాడిన తూటా. .303 కంటే బలం ఎక్కువ. అది మన దగ్గర మామూలు లైసెన్సు మీద వస్తుంది, బోల్ట్ యాక్షన్ అయితే. బెంగాల్‌లో ఇషాపూర్ సర్కారు ఫ్యాక్టరీ తయారు చేసింది కూడా. ఎందుకు ఓకే? మన పోలీసు గోదాముల్లో ఆ తూటా లేదు కాబట్టి. అదే ఫ్యాక్టరీ .315ని కూడా కొనసాగించింది. 1907 నాటి ఇంగ్లీషు భయం, ఆస్ట్రియా తూటా, బర్మింగ్‌హామ్ తెలివి, ఈ మూడూ కలిసిన తుపాకీ స్వతంత్ర భారత ప్రభుత్వ ఫ్యాక్టరీలో దశాబ్దాలు తయారైంది. లెగసీ కోడ్ అంటే ఇదే. ఎవరు రాశారో పోయారు, ఎందుకు రాశారో మర్చిపోయారు, తీసేస్తే ఏం కూలుతుందో అని ఎవరూ ముట్టుకోరు.

అయితే ఒకటి చెప్పాలి, నేను ఈ చట్టాన్ని వెక్కిరిస్తున్నానని అనుకోవద్దు. అమెరికాలో స్కూళ్లలో జరిగేవి మనం వార్తల్లో చూస్తూనే ఉన్నాం. వేగంగా పేలే రైఫిల్ ప్రతి ఇంట్లో లేకపోవడం వల్ల నాకేమీ లోటు కనిపించట్లేదు. నా గోల లాజిక్ గురించి. ఫలితం మంచిది, దానికి చెప్పే కారణం పాతది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, షికారుకి గట్టి కళ్లెం పడింది. హైదరాబాద్ ఇళ్లలో ఉన్న ఆ ఇంగ్లీషు, అమెరికా రైఫిళ్లకి చాలావరకు పని పోయింది. కినోక్ కంపెనీ, అంటే ఆ పెద్ద బోర్ తూటాలు చేసేవాళ్లు, 1960ల నుంచే తగ్గించుకుంటూ వచ్చి ఆపేశారు. ఆండర్సన్ వాడిన .405 వించెస్టర్ తయారీ అంతకు చాలా ముందే ఆగింది. 1980ల మధ్యకి వచ్చేసరికి మామూలు జనానికి తుపాకుల దిగుమతి కూడా మూసేశారు. ఇప్పుడు ఆలోచించండి. తాతగారి పేరు మీద ఒక ఫారిన్ రైఫిల్ ఉంది. స్ప్రింగ్ పోతే దొరకదు, తూటా దొరకదు. బోల్ట్ యాక్షన్ అయితే మంచి మిస్త్రీ చేతిలో ఏదో ఒక రకంగా బతుకుతుంది. సెమీ ఆటో అయితే దానికి ఏ బలం తూటాతో ట్యూన్ చేశారో ఆ తూటా లేకుండా అది ఉత్త ఇనుము.

2019 సవరణతో ఇంకో దెబ్బ. అంతకుముందు ఒక మనిషికి మూడు తుపాకుల దాకా ఉండొచ్చు, దాన్ని రెండుకి తగ్గించారు. బిల్లులో మొదట ఒకటే అన్నారు, గొడవ అయితే రెండు చేశారు. మూడోది ఏడాదిలోగా అప్పజెప్పాలన్నారు. పాత కుటుంబాలకి ఇది చిన్న విషయం కాదు. ఏది ఉంచుకోవాలి? తాత వాడిన .470 డబుల్ రైఫిలా, తూటాలు దొరికే ఇషాపూర్ .315నా? ఒకటి జ్ఞాపకం, ఒకటి పనిచేసేది. నన్నడిగితే నాకూ తెలీదు.

ఈ పాత తుపాకీలు ఇంట్లో బయటపడేది ఎక్కువగా పెద్దాయన పోయాక. బీరువా వెనకో, ట్రంకు పెట్టెలోనో. ఇది వింటున్న మీలో ఎవరికైనా అలా జరిగితే రీల్ తీయకండి, దండం పెడతా. లైసెన్సు ఆ చనిపోయిన మనిషి పేరు మీద ఉంది, మీ పేరు మీద లేదు. మీ దగ్గర ఉన్నంతసేపూ అది లైసెన్సు లేని ఆయుధమే. వెంటనే పోలీస్ స్టేషన్‌కి చెప్పండి. అక్కడ గానీ, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి, ఆ తర్వాతే వారసుడిగా అప్లికేషన్. లోడ్ అయి ఉందేమో అని మీరే తెరిచి చూడటం, పాత తూటా పెట్టి ట్రై చేయడం అస్సలు వద్దు. పాత తూటాకి ఒక జబ్బు ఉంటది. ట్రిగ్గర్ నొక్కితే టక్ మంటుంది, పేలదు. పోయిందిలే అని తెరిచేలోపు పేలుతుంది. రేంజ్‌లో ట్రైనింగ్ అయినవాళ్లు కూడా టక్ మన్నాక కనీసం అర నిమిషం బ్యారెల్‌ని అటువైపే ఉంచి ఆగుతారు.

అమెరికా వెళ్లేవాళ్లకి కూడా ఒక ముక్క. డల్లాస్‌లో ఉన్న మా క్లాస్‌మేట్ ఒకడు రేంజ్‌లో సెమీ ఆటో రైఫిల్‌తో ఫోటోలు పెడుతుంటాడు, జామ్ అయితే ఆ ఫోటో కూడా పెడతాడు. వాడికి గ్రీన్ కార్డు ఉంది. హెచ్‌వన్‌బీలోనో, స్టూడెంట్ వీసాలోనో ఉన్నవాళ్లకి ఆ దేశపు ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ ఉండకూడదు, హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. షాపులో అమ్ముతున్నారు కదా అని కొనేస్తే వీసాతో పాటు బతుకే ఇరుక్కుంటుంది. ఇంకోటి, రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగుతోనే ఇండియా ఫ్లైట్ ఎక్కొద్దు. జిప్పులో మర్చిపోయిన ఒక్క తూటా ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో కనపడితే ఆర్మ్స్ యాక్ట్ కేసు. తెలిసి దగ్గర పెట్టుకోలేదని కోర్టులు చాలా కేసులు కొట్టేశాయి, నిజమే. కానీ అప్పటిదాకా తిరిగేది నువ్వే కదా.

మరి మన ఊళ్లో ఫారిన్ తుపాకీ లీగల్‌గా ఎవరి చేతికి వస్తుంది? షూటర్ల చేతికి. జాతీయ పోటీల్లో నిర్ణీత స్కోరు కొట్టినవాళ్లకి దిగుమతికి దారి ఉంది. గగన్ నారంగ్ మన హైదరాబాద్‌లో పెరిగినవాడే, 2012 లండన్‌లో 701.1 స్కోరుతో కాంస్యం. కానీ ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో సెమీ ఆటోకి చోటే లేదు. గాలి రైఫిల్ అయినా, .22 అయినా ఒక్కో గుండు చేత్తో పెట్టుకోవాల్సిందే. సెమీ ఆటో కావాలంటే పిస్టల్‌కి రావాలి, 25 మీటర్ల ఈవెంట్‌కి.

అక్కడ మన ఈషా సింగ్ ఉంది. 2018లో పదమూడేళ్లకే జాతీయ ఛాంపియన్. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో 25 మీటర్ల పిస్టల్‌లో టీమ్ గోల్డ్, సింగిల్స్‌లో సిల్వర్. ఆ ఈవెంట్ సెకండ్ హాఫ్‌లో టార్గెట్ మూడు సెకన్లు మాత్రమే ఉంటుంది, ఆ లోపు చెయ్యి ఎత్తి ఒక షాట్ కొట్టాలి, ఏడు సెకన్లు గ్యాప్, మళ్లీ మూడు సెకన్లు. పిస్టల్ జామ్ అయితే? మళ్లీ ఛాన్స్ కావాలంటే షూటర్ దాన్ని బాగు చేయకూడదు. పిస్టల్ అలాగే టార్గెట్ వైపు పట్టుకుని రెండో చెయ్యి ఎత్తాలి. ఆఫీసర్ వచ్చి చూస్తాడు. తూటాదో, మెషీన్‌దో తప్పైతే మళ్లీ ఛాన్స్. సేఫ్టీ తీయడం మర్చిపోవడమో, మ్యాగజైన్ సరిగా పెట్టకపోవడమో అయితే నీ తప్పు, ఆ షాట్లకి సున్నా.

టోక్యోలో 2021 జూలై 25న మను భాకర్‌కి జరిగింది వేరే రకం. అది గాలి పిస్టల్. పోటీ మధ్యలో లీవర్ విరిగింది, బాగు చేయించుకుని వచ్చేసరికి పదిహేను నిమిషాలకి పైనే పోయాయి, ఫైనల్ రెండు పాయింట్లలో మిస్. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం కొట్టింది. హైదరాబాద్‌లో ఈ పోటీలు చూడాలనుంటే సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో షూటింగ్ రేంజ్ ఉంది. స్టేట్ లెవల్ పోటీలు ఉన్నప్పుడు వెళ్లండి. చెవులకి ఏదైనా పెట్టుకోండి, .22 చిన్నదే గానీ వరుసలో అందరూ ఒకేసారి కొడితే గుయ్యిమంటది.

సరే, కింద లారీ వచ్చింది, ఇంక నా మాట మీకు వినపడదు. వచ్చే ఎపిసోడ్‌లో సిడ్నీ కాటన్ విమానాల సంగతి చూద్దాం. ఉంటా మరి.